ఎడమవైపు బంతి

ఏప్రిల్ 14

మూడు బంతులు. మూడూ ఎడమవైపువే.

నా పోనీ, పొట్టిగుర్రం రూక్, బండి లాగుతుంటే ఇరవై జతల కోన్ల మధ్య నుంచి ఇరవైసార్లు దూరాం. పదిహేడుసార్లు గాలి కూడా తగలనంత శుభ్రంగా వెళ్లాం. మిగతా మూడుసార్లు ఎడమ చక్రం కోనుని రాసుకుంది, దాని నెత్తిమీది బంతి గడ్డిలో దొర్లింది. బంతికి మూడు చొప్పున తొమ్మిది తప్పుమార్కులు. నడక అందం చూసే డ్రెస్సాజ్‌లో మొదటిస్థానం, అడ్డంకుల మారథాన్‌లో రెండు, కోన్లయ్యేసరికి ఐదు.

"ఐదో స్థానమంటే చెడ్డదేం కాదు పిల్లా. మా ఆయన పెళ్లినాడు నాకిచ్చిన మార్కులు కూడా అంతే," అంది డోరీన్, ఫ్లాస్కులోంచి టీ వంచుతూ.

డోరీన్ వారంలో ఆరు రోజులు మా లోయంతా ఉత్తరాలు పంచుతుంది, ఏడో రోజు నా బండి వెనకమెట్టు మీద నిలబడుతుంది. యాభై నాలుగేళ్లు. మలుపుల్లో బండి పల్టీ కొట్టకుండా తన బరువుని అటూ ఇటూ వేయడం ఆమె పని. నాకంటే బాగా చేస్తుంది తన పని.

సెప్టెంబర్‌లో థార్న్‌బీలో ఎంపిక పోటీ. పోనీల జట్టులో రెండే చోట్లు. పోయినేడు నేను నాలుగు. ఈ ఏడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు అని ఎందుకనిపిస్తోందో తెలుసు, రాయను.

సరే, రాస్తాను. లీడ్స్‌లో డిగ్రీ, మూడు ఆఫీసులు, మూడు రాజీనామాలు. జనవరిలో ఇంటికొచ్చి "రూక్ కోసం" అన్నాను. నాన్న గొర్రెలవైపు చూస్తూ "సరే" అన్నాడు. ఆ ఒక్క సరేని తొమ్మిది నెలలు మోయాలి.

ఏప్రిల్ 15

చక్రాల మధ్య వెడల్పు మళ్లీ కొలిచాను. సరిగ్గానే ఉంది.

ఏప్రిల్ 22

గొర్రెలు ఈనే కాలం కాబట్టి పైచేను ఖాళీ లేదు. కింద చిత్తడి మళ్లో పన్నెండు జతలు పెట్టాను. రెండు పడ్డాయి. ఎడమవే.

నాన్న గోడమీద మోచేతులానించి చూశాడు. చంకలో గొర్రెపిల్ల. దాని తల ఒకవైపు వేలాడుతుంటే ఆయన చూపు మరోవైపు.

"నీ ఎడమచేయి బరువు," అన్నాడు.

"నా చేయి బరువు కాదు నాన్నా."

"చిన్నప్పట్నుంచీ అంతే. చెంచా పట్టుకున్నా బరువే."

ఫోన్లో వీడియో తీయించి చూశాను. చేతులు రెండూ సమానం. పగ్గాలు రెండూ సమానం. రూక్ తల మాత్రం కొంచెం ఎడమకి తిరిగి ఉంది, ఎవరో ఆ పక్కన గుసగుసలాడుతుంటే వింటున్నట్టు. నోట్లో కళ్లెం ఇనుము ఒరుసుకుంటోందేమో. రేపు మార్చాలి.

ఏప్రిల్ 23

మార్చాను. ఒక్కటే పడింది. ఎడమదే అయినా ఒక్కటే.

మే 3

ఇవాళ ఒక చిన్న సంగతి. రూక్ మేస్తుంటే పక్కనుంచి వెళ్లి మెడమీద చెయ్యేశాను. ఒక్క గంతేసి నాలుగు గజాల అవతల పడ్డాడు. ఐదేళ్లుగా నా చేత్తో తిన్నవాడు, నేనెవరో తెలియనట్టు చూశాడు.

ఈగలు. చెవుల్లో దూరితే ఏ పోనీ అయినా అంతే.

డోరీన్‌తో చెబితే నవ్వింది. "మే నెల మొదటివారంలో ఈగలా? పొద్దున వ్యాను అద్దం మీద మంచు గీక్కొని వచ్చాను నేను."

"ఒకటో రెండో ఉంటాయి."

"ఆ ఒకటో రెండో మీ ఇంటికే వచ్చాయన్నమాట. నేను తేలేదమ్మా, నా సంచీలో లేవు."

మే 4

ఈగలే.

మే 19

జాగ్రత్తగా రాస్తాను.

మారథాన్‌లో నాలుగో అడ్డంకి. లావు దుంగలు పాతి దారులు చేశారు, ఒక్కో దారికి ఒక అక్షరం. వరసలో ఎ నుంచి ఎఫ్ దాకా దూరాలి, గడియారం నడుస్తూనే ఉంటుంది. ఎ, బి, సి బాగా వెళ్లాం. డి ఎడమ మలుపు. దౌడులో ఉన్నాం. నేను పగ్గం లాగాను, వాడు తిరిగాడు, బాగా తిరిగాడు, అతిగా తిరిగాడు. అక్కడ దుంగే లేదన్నంత ధైర్యంగా తిరిగాడు. ఎడమచక్రం దుంగకి కొట్టుకుంది. బండి ఆగింది. డోరీన్ ఆగలేదు. ముందుకొచ్చి నా సీటు వెనక ఇనుపకమ్మీకి పక్కటెముకలతో గుద్దుకుంది.

ఆమె నోట్లోంచి వచ్చిన శబ్దం మనిషిది కాదు. వెంటనే, "వెళ్లు! వెళ్లు! ఇంకా 'ఈ' ఉంది, 'ఎఫ్' ఉంది," అని అరిచింది. వెళ్లాం. పూర్తిచేశాం.

తర్వాత లారీ పక్కన గడ్డిమోపు మీద కూర్చుని చొక్కా ఎత్తి చూపించింది. అరచేయంత ఎరుపు.

"నేను మలుపు మరీ దగ్గరగా తిప్పాను. నా తప్పే," అన్నాను.

"నీ తప్పేనా?"

"నాదే."

చాలాసేపు నా మొహం చూసింది. ఉత్తరాల మీద చెరిగిపోయిన చిరునామాలు చదివే చూపు అది.

"నాకేమైనా చెప్పాలా నువ్వు?"

"ఏం చెప్పాలి?"

"ఏమో. అడిగానంతే." చొక్కా దించుకుని, వేడివేడి సాసేజ్ రొట్టె సగం విరిచి నాకిచ్చింది.

మే 20

ఎరుపు నీలమైందట. పార్సిళ్లు కుడిచేత్తోనే మోస్తోంది. "పాపం ముసలమ్మ అని అందరూ కేకు పెడుతున్నారు, ఇంకో రెండు వారాలు నయం కాకుంటే బాగుండు," అంది.

నేను కేకు పట్టుకెళ్లలేదు.

జూన్ 2

కొట్టంలో. కళ్లెం లేకుండా, కళ్ల పక్కన కట్టే తోలుగంతలు లేకుండా.

కుడికంటి ముందు నా చెయ్యి ఊపాను. రెప్ప కొట్టాడు. ఎడమకంటి ముందు ఊపాను.

కొట్టంలో వెలుతురు తక్కువ.

బయటికి తీసుకొచ్చి మళ్లీ ఊపాను. బయట వెలుతురు ఎక్కువ, కళ్లు చెదురుతాయి.

దూదిని ఉండచేసి ఎడమవైపు జారవిడిచాను. చప్పుడు చేయకుండా కంటి ముందు నుంచి జారింది. వాడు నా జేబువైపు మూతి చాచాడు, క్యారెట్ కోసం. దూది నేలమీద పడి ఉంది. నేనూ వాడూ ఒకే పక్క నిలబడి ఉన్నాం. ఒకరికే అది కనిపిస్తోంది.

చలికాలంలో ఆ కన్ను కారింది. ఉప్పునీళ్లతో కడిగాను. ఎండుగడ్డి దుమ్మన్నాడు నాన్న. రెండుసార్లు కారింది. మూడుసార్లు.

పశువైద్యురాలిని పిలవాలి. సెప్టెంబర్ అయ్యాక.

జూన్ 11

డాక్టర్ ఫాసెట్ నాన్న పొట్టేళ్లకి సూదులేయడానికి వచ్చింది. వెళ్లిపోతుంటే, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "కాస్త రూక్ కన్ను చూస్తారా?" అన్నాను.

చిన్న దీపం పెట్టి చూసింది. ఎడమ. కుడి. మళ్లీ ఎడమ. దీపం ఆర్పి జేబులో పెట్టుకుంది.

"ఎప్పుడు గమనించారు?"

"ఇవాళే."

నేనెంత తొందరగా అన్నానంటే, ఆమె అడగడం ఇంకా పూర్తి కాలేదు.

"చలికాలంలో నీళ్లు కారాయా?"

"దుమ్మనుకున్నాం."

"అందరూ అలాగే అనుకుంటారు. ఇది లోపలి వాపు. వస్తుంది, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కాస్త చూపు పట్టుకుపోతుంది. ఎడమదాన్ని మొత్తం పట్టుకుపోయింది. కుడిది ఇవాళ్టికి బాగుంది."

"మరి నొప్పి?"

"ఇప్పుడు లేదు. ఇక ఎడమవైపు సంగతి వాడికి తెలియదు, అంతే. కుడివైపు ఏదైనా కనిపిస్తే దాన్నుంచి తప్పుకుంటాడు. ఎటు తప్పుకుంటున్నాడో చూడలేడు."

కుడి బంతి కనిపిస్తుంది. దాన్నుంచి జరుగుతాడు. ఎడమ బంతిని గుద్దుతాడు. ఏప్రిల్ నుంచి నా చేతిని తిట్టుకుంటున్నాను.

"ఇంకా తోలొచ్చా?" అన్నాను.

"ఒంటికంటితో బతికే గుర్రాలు, పనిచేసే గుర్రాలు చాలా ఉన్నాయి. వాటితో ఉండేవాళ్లకి ఆ సంగతి తెలియాలి, అది ముఖ్యం. మీ వెనకమెట్టు మీద ఎవరు?"

"డోరీన్ రెల్ఫ్."

"మా ఇంటికి ఉత్తరాలు తెచ్చే డోరీనా?"

"ఆమే."

చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలూ విడివిడిగా. "నేను చెప్పను. రోజూ కనబడుతుంది, అయినా చెప్పను. అది మీరు చెప్పాల్సింది."

జూన్ 12

గంతలు. ప్రతి ఆదివారం మైనం పెట్టి, గుడ్డతో రుద్ది మెరిపించాను. బండి తోలేవాళ్లం అందరం అంతే. పక్కన చక్రాలు చూసి బెదురుతాడని కంటి పక్కన తోలుముక్క కడతాం, ఆ తోలు మెరుస్తోందా లేదా అని చూస్తాం. దాని వెనకాల కన్ను ఉందని ఎవరూ చూడం.

జూన్ 19

ఇవాళ చెబుదామని వెళ్లాను. వాళ్లాయన ఇంట్లో ఉన్నాడు.

జూన్ 23

నిబంధనల పుస్తకం మొదట్నుంచి చివరిదాకా చదివాను. ఒంటికన్ను గురించి ఒక్క వాక్యం లేదు. "పోనీ పోటీకి తగిన స్థితిలో ఉండాలి" అని ఉంది. రూక్ తగిన స్థితిలోనే ఉన్నాడు. అద్దంలా మెరుస్తున్నాడు.

జూన్ 30

కొత్త మాట నేర్పిస్తున్నాను. "జరుగు."

ఎడమవైపు దుంగ దగ్గరికొస్తుంటే, "జరుగు" అని, కుడిపగ్గాన్ని వేలితో తాకుతాను, అంతే. వాడు అరడుగు కుడికి తప్పుకుంటాడు. మొదటిరోజు మూడుసార్లు గుద్దాడు. ఇవాళ ఒక్కసారీ లేదు. చెవి చూడాలి వాడిది! ఎడమచెవి ఇప్పుడు ఎప్పుడూ నావైపే తిరిగి ఉంటోంది, బండి నడుస్తున్నంతసేపూ. చూపు పోయిన వైపంతా చెవే కాపలా.

నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, పన్నెండో జత మిగిలి ఉంది.

జూలై 7

డోరీన్ పక్కటెముకలు నయమయ్యాయి. మెట్టెక్కింది. సాధన బాగా జరిగింది.

"ఏంటీ కొత్త మంత్రం? జరుగు, జరుగు అంటున్నావ్?"

"కోన్లకి పనికొస్తుందని."

"నాక్కూడా నేర్పు. మా ఆయన మంచంలో జరగడు."

చెప్పడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. నవ్వి ఊరుకున్నాను.

జూలై 8

ఆలోచించాను. ఇప్పుడు చెబితే ఆమె భయపడుతుంది. భయపడ్డ మనిషి మెట్టుమీద బిగుసుకుంటుంది. బిగుసుకుంటే మలుపులో బరువు సరిగా వేయదు. చెప్పకపోవడమే ఆమెకి క్షేమం.

జూలై 9

నిన్న రాసింది ఇంకోసారి చదివాను. ఎంత చక్కగా రాశానో.

జూలై 21

ఒక్క బంతి కూడా పడలేదు. ఒక్కటి కూడా!

ఇరవై జతలు, ఇరవైసార్లు "జరుగు," ఇరవైసార్లు జరిగాడు. మొత్తం పోటీలో మొదటిస్థానం. జట్టును ఎంపిక చేసే హ్యూ కారదర్స్ స్వయంగా లారీ దాకా నడిచొచ్చాడు. నలభైయేళ్లుగా బండ్లు తోలి తోలి ఆయన రెండు చేతులూ ఎప్పుడూ పగ్గాలు పట్టుకున్నట్టే ఉంటాయి.

"ఎల్స్‌పెత్, ఏం మార్చావ్? వసంతంలో నీ పోనీ ఎడమకి పడిపోతుండేవాడు."

"నా ఎడమచేయి బరువని నాన్న చెప్పాడు. సరిచేసుకున్నాను."

"తెలివైన తండ్రి. థార్న్‌బీలో ఇలాగే తోలు, ఒక చోటు నీదే అనుకో."

ఆయన వెళ్లాక వెనక్కి తిరిగితే డోరీన్ రూక్ నొగలు విప్పుతోంది. వాడికి ఎడమవైపు నిలబడి, ముందుగా "నేనేరా, నేనే" అని చెప్పి, ఆ తర్వాత చెయ్యేసింది.

ఎప్పట్నుంచి అలా చెబుతోంది?

ఇంట్లో నాన్న గ్లాసెత్తి, "చేయి తేలికైందన్నమాట," అన్నాడు. ఆయన నవ్వడం ఈ ఏడాదిలో అదే మొదటిసారి.

ఆగస్టు 4

వాన. సాధన లేదు.

ఆగస్టు 18

అడ్డంకుల్లో సాధన. ఎడమమలుపు వచ్చేముందు డోరీన్ కాస్త ముందుగానే ఒరుగుతోంది. నేను "జరుగు" అనకముందే "ఎడమ దుంగ!" అంటోంది. కుడివైపు ఏమీ అనదు. అనుభవం అంటే ఇదే కాబోలు.

ఆగస్టు 31

రేపట్నుంచి సెప్టెంబర్. థార్న్‌బీ అయ్యాక చెబుతాను. ఇద్దరం నవ్వుకుంటాం.

సెప్టెంబర్ 13, థార్న్‌బీ

డ్రెస్సాజ్ రెండో స్థానం. మైదానం ఖాళీగా ఉంటుంది, ఢీకొనడానికి ఏమీ ఉండదు, రూక్ నాట్యమే చేశాడు. కారదర్స్ దూరం నుంచి మెచ్చుకోలుగా టోపీ తాకాడు.

మధ్యాహ్నం అడ్డంకులు నడిచి చూశాం. మొదటి నాలుగూ తేలిక. ఐదోది నీళ్లలో.

ఏటిని కట్టేసి చెరువులా చేశారు. మోకాలిలోతు, బురదరంగు. దిగగానే ఎ గేటు, ఎదురుగా బి, ఆ తర్వాత సి ఎడమకి, రాతిగోడ చుట్టూ తిరిగి. గోడ మూల ఎడమచక్రానికి జానెడు దూరంలో వస్తుంది. రాయి. దుంగ అయితే కాస్త కదులుతుంది, రాయి కదలదు. పక్కనే ప్రేక్షకుల గట్టు, గట్టుమీద లౌడ్‌స్పీకర్. ఇంతలోనే ఎవరో పరీక్షకి దాన్ని వాయించారు. డోరీన్ నా చెవిదగ్గర ఏదో అంది. వినిపించలేదు. రెండోసారి అరిచింది.

"సి ఎలా తిప్పుతావంటున్నా!"

"జరుగు అంటూ."

"వినిపిస్తుందా వాడికి?"

"వినిపిస్తుంది."

"నేను నీ పక్కనే ఉన్నాను. నాకే వినిపించలేదు."

గోడ మూల మీద చెయ్యేసి రాతిని తడిమింది. తర్వాత నావైపు చూసింది. మేలో గడ్డిమోపు మీద కూర్చుని చూసిన చూపు.

"సి కి చుట్టుదారి కూడా ఉంది కదా. పది సెకన్లు ఎక్కువ, అంతే," అంది.

"పది సెకన్లంటే మూడో స్థానం."

"అవును. మూడో స్థానమే."

ఆమె నీళ్లలో ఒక చిన్నరాయి వేసి, అది మునిగిన చోటు కాసేపు చూసి, "టీ తాగుదాం పద," అంది.

దగ్గరి దారే. రేపయ్యాక చెబుతాను.

సెప్టెంబర్ 14

మా నంబరు ఇరవై ఏడు. మా సమయం 11:42.

ఇది 12:30కి రాస్తున్నాను, లారీ వెనక మెట్లమీద కూర్చుని. లౌడ్‌స్పీకర్‌లో ముప్ఫై ఒకటో నంబరు ఐదో అడ్డంకిలో ఉందట. జనం అరుస్తున్నారు.

పదకొండుకి రూక్‌ని నొగల మధ్య కట్టాం. గంతలు సర్దాను. పగ్గాలు తీసుకుని ఎక్కి కూర్చున్నాను. డోరీన్ హెల్మెట్ బిగించుకుంది, ఛాతీకవచం బిగించుకుంది, నలిగిన పక్కటెముకల దగ్గర పట్టీ ఇంకో రంధ్రం లాగింది. వెనక మెట్టు కమ్మీ మీద చెయ్యేసింది. ఎక్కలేదు.

"ఎక్కవా? టైమవుతోంది."

"ఎక్కుతాను. నువ్వు ఎక్కమని చెప్పు."

"ఏంటది?"

"చెప్పు పిల్లా. డోరీన్, ఎక్కు అను. అంటే ఎక్కుతా."

తమాషా చేస్తోందనుకున్నాను. ఆమె మొహంలో తమాషా లేదు. రూక్ ఎడమచెవి నావైపు తిరిగి ఉంది, ఏ మాట వస్తుందా అని.

"వాడికి ఎడమకన్ను కనబడదు," అన్నాను. నాలుగు నెలలు మోసిన మాట. ఇంత చిన్నదా?

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నాలుగో అడ్డంకి నుంచి. నీ వెనక నిలబడితే వాడి తల నీకంటే నాకే బాగా కనబడుతుందమ్మా. మర్నాడు మీ చేనుకి వచ్చి ఎడమపక్క టోపీ ఊపాను. నువ్వు లేవు."

"తెలిసి ఎక్కావా? ఇన్నాళ్లూ?"

"వాడి మీద నమ్మకంతో ఎక్కాను. నువ్వు ఇవాళ చెబుతావు, రేపు చెబుతావు అనుకుంటూ ఎక్కాను. జూలైలో కారదర్స్‌తో ఎడమచేయి అన్నావ్ చూడు, ఆరోజు దిగిపోదామనుకున్నాను." గొంతు ఎత్తలేదు. "ఆ రాతిగోడ దగ్గర నిన్న నీకు ఒక దారి చూపించాను. తీసుకోలేదు. సరే. జట్టు నీది, పోనీ నీది. నా పక్కటెముకలు మాత్రం నావి. వాటిని నేనే ఇస్తాను. నువ్వు అడగాలి, అంతే. నోరు తెరిచి అడుగు."

నోరు తెరిచాను.

చుట్టుదారిలో వెళ్దాం అనొచ్చు. వాడికి వినిపిస్తుంది అనొచ్చు. ఏదైనా అనొచ్చు, నాలుగు నెలలుగా అన్నీ అంటూనే ఉన్నాను కదా. కానీ ఆమె అడిగింది ఒకే ఒక్క మాట. రోజుకి వందసార్లు వాడితో "జరుగు" అంటే జరిగాడు, "పద" అంటే నడిచాడు, కనబడని చోటికి కూడా నా మాట పట్టుకుని వెళ్లాడు. ఆమె కూడా అలాగే వెళ్తుంది, నేనంటే. నిజంగా వెళ్తుంది. అందుకే నోరు రాలేదు.

11:34.

"డోరీన్, దిగు," అన్నాను. ఆమె అసలు ఎక్కనేలేదు. దిగింది నేను.

పోటీ కార్యదర్శి గుడారంలో ఒకావిడ ఫారం నింపింది. "తప్పుకుంటున్నారా? కారణం?"

"ఎడమకన్ను కనబడటం లేదు."

"మీకా, పోనీకా?"

"పోనీకి." చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది.

బయట కారదర్స్ ఎదురయ్యాడు. అప్పటికే తెలిసిపోయింది ఆయనకి. "జూలైలో ఒంటికంటితోనే ఇరవై జతలా?" అన్నాడు.

"అవును."

"అద్భుతం," అన్నాడు. తర్వాత, "డోరీన్‌కి తెలుసా అప్పుడు?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే ఆయనకి నా మొహం చాలినట్టుంది. టోపీ తాకకుండా వెళ్లిపోయాడు.

డోరీన్ వాళ్లాయన కారొచ్చింది. వెళ్లేముందు రూక్ ఎడమవైపు నిలబడి, "నేనేరా, నేనే," అంది. నావైపు తిరగకుండా కారెక్కింది.

సెప్టెంబర్ 15

ఇల్లు. వాన. నాన్నకి చెప్పాను. కొట్టంలోకి వెళ్లి గంటసేపు రాలేదు. వచ్చాక, "నీ చేయి బరువు కాదు," అన్నాడు. ఆయన నోట్లోంచి క్షమాపణ అనేది వస్తే ఆ ఆకారంలోనే వస్తుంది. నేను తీసుకోలేకపోయాను. నా వంతు తప్పు ఆయన తప్పు కింద దాక్కోవడానికి చూస్తోంది.

సెప్టెంబర్ 17

డోరీన్ మా ఉత్తరాలు ఇంటిదాకా తేవడం లేదు. సందు మొదట్లో డబ్బాలో వేసి పోతోంది.

సెప్టెంబర్ 18

నేనే ఆమెకి ఒక ఉత్తరం రాశాను. మే మూడు నుంచి తారీఖులన్నీ. ఈగల దగ్గర్నుంచి. "చెప్పకపోవడమే ఆమెకి క్షేమం" అని జూలై ఎనిమిదిన రాసుకున్న వాక్యంతో సహా, ఒక్క అక్షరం మార్చకుండా. స్టాంపు అంటించి, గోడలోని ఎర్రటి పోస్టు డబ్బాలో వేశాను. దాన్ని తీసేదీ ఆమే, మోసేదీ ఆమే, అందుకునేదీ ఆమే.

సెప్టెంబర్ 20

ఏమీ లేదు.

సెప్టెంబర్ 22

పొద్దున్నే పైచేనుకి రూక్‌ని తీసుకెళ్లాను. బండి లేదు. పొడవాటి పగ్గాలు రెండు, వెనకాల నేను నడుస్తూ. గంతలు ఉన్న కళ్లెం కొట్టంలోనే వదిలేశాను.

నాన్న గోడ దగ్గర అడ్డొచ్చాడు. "గంతల్లేకుండా బండిపోనీనా? మతిపోయిందా? రేపు వెనక చక్రం తిరగడం చూశాడంటే వాణ్ని ఊరవతల వెతుక్కోవాలి."

"ఉన్నది ఒక్క కన్ను నాన్నా. దానిక్కూడా సగం అడ్డం పెట్టాను నేను."

"మా నాన్న కట్టాడు, నేను కట్టాను..."

"తెలుసు. నేను మైనం కూడా పెట్టాను."

ఆయన తప్పుకోలేదు, ఆపనూ లేదు. గోడమీద మోచేతులానించాడు.

సందులో ఎర్ర వ్యాను ఆగింది. ఆదివారం వ్యాను తీయకూడదు ఆమె. తీసింది. గేటు దాటి వచ్చి, రూక్‌కి పదిగజాల ముందు నిలబడి, చేతులు కట్టుకుంది.

"స్టాంపు ఎందుకు అంటించావ్? నా ఉత్తరం నేను మోసుకోవడానికి నువ్వు రుసుం కట్టాలా?"

"ఊరికే మోయించకూడదని."

"ఊఁ. ఈగలు చదివి నవ్వాను. జూలై ఎనిమిది చదివి నవ్వలేదు."

"ఊఁ."

"బండి ఎప్పుడు కడతావ్?"

"తెలియదు. కుడికన్ను ఎన్నాళ్లుంటుందో కూడా తెలియదని డాక్టర్ అంది. కట్టినా వాడు గంతల్లేకుండా ఒప్పుకుంటాడో లేదో. కట్టాక నిన్ను పిలుస్తాను. అన్నీ చెప్పి పిలుస్తాను. రాకపోయినా సరే."

"చూద్దాం," అంది. సరే అనలేదు. మా నాన్న సరేకంటే ఈ చూద్దాం తేలిక, మోయగలను.

నేను పగ్గాలు తీసుకున్నాను. రూక్ కదల్లేదు. ఎడమచెవి ఎప్పట్లాగే వెనక్కి తిరిగింది, నా మాట కోసం. నేను ఇంకా ఏమీ అనలేదు. అప్పుడు వాడు మెల్లగా మెడ తిప్పాడు, కుడివైపు నుంచి, చాలా వెనక్కి, పగ్గం నా వేళ్లలోంచి జారేంతగా. బంగారురంగు పొడిలాంటి ఎండలో ఆ ఒక్క కన్ను పగ్గం వెంబడి వచ్చింది, అంగుళం అంగుళం, నా చేతుల దాకా, అక్కణ్నుంచి నా మొహం దాకా.

ఐదేళ్లుగా వాడికి వెనక నుంచి ఒక గొంతు వస్తోంది. తిరుగు, ఆగు, జరుగు. ఆ గొంతు ఎవరిదో ఇవాళే చూస్తున్నాడు.

నాన్న ఊపిరి బిగబట్టాడు. డోరీన్ చేతులు విప్పింది. బెదిరితే పట్టుకోవడానికి.

వాడు చూశాడు. చూడాల్సినంతసేపు చూశాడు. నేను పక్కకి తిరగలేదు.

తర్వాత తల ముందుకి తిప్పుకుని, చెవిని మాత్రం నా దగ్గర వదిలేశాడు.

"పద," అన్నాను.